4294967294: తప్పా, జవాబా? సిస్టమ్ కాల్ ఫలితాన్ని ట్రేసర్ ఎలా చదవాలి

ఒక ప్రోగ్రాం లైనక్స్‌ని ఏమేం అడుగుతోందో లైను లైనుగా చూపే పనిముట్టు ఎస్‌ట్రేస్. దాన్ని మొదటిసారి నడిపినవాళ్లకి దాదాపు ఒకే అనుభవం ఎదురవుతుంది. ఫైళ్ల జాబితా చూపే ‘ఎల్‌ఎస్’ లాంటి చిన్న కమాండ్‌కి ముందు ఎస్‌ట్రేస్ అని రాసి ఎంటర్ నొక్కుతారు. తెర మీద లైన్లు పరుగెడతాయి. పైనుంచి నాలుగైదు లైన్లు దిగేసరికే ‘మైనస్ 1, ఈనోఎంట్, అలాంటి ఫైలు లేదు’ అని కనిపిస్తుంది. గుండె కాస్త జారుతుంది. కమాండ్ మాత్రం చక్కగా జాబితా చూపించి ముగుస్తుంది.

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఇదే చూసి నా దగ్గరికి వచ్చింది. "అన్నా, ఎర్రర్ అంటోంది, కానీ అవుట్‌పుట్ మొత్తం వచ్చేసింది కదా?" అని అడిగింది. ఆ లైను వెనక సంగతి చిన్నదే. ప్రోగ్రాంని మెమరీలోకి ఎక్కించే లోడర్, ముందుగా కలపాల్సిన లైబ్రరీల జాబితా ఏమైనా ఉందేమోనని ఈటీసీ ఫోల్డర్‌లో ఒక ఫైలు కోసం చూస్తుంది. చాలా మెషీన్లలో ఆ ఫైలు ఉండదు. లేదని తెలుసుకుని లోడర్ తన దారిన ముందుకు పోతుంది.

ఆమె అంతటితో ఆగలేదు. ఫెయిలైన కాల్స్‌ని మాత్రమే చూపించే చిన్న ట్రేసర్ ఒకటి సొంతంగా రాయడం మొదలుపెట్టింది. అందులో షరతు ఒక్కటే: విలువ సున్నా కంటే తక్కువైతే ఎర్రర్. ఆ ఒక్క లైను ఎన్ని చోట్ల తప్పుతుందో ఇద్దరం కూర్చుని వెతుకుతూ పోతే మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో తేలిన విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

## ఒకే రిజిస్టర్‌లో మంచీ చెడూ

తనంతట తాను ఫైలు తెరవడం, నెట్‌వర్క్‌లోకి ఒక్క బైటు పంపడం, మెమరీ తెచ్చుకోవడం ప్రోగ్రాంకి చేతకాదు. ప్రతిదానికీ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌ని అడగాలి. అలా అడగడమే సిస్టమ్ కాల్. ఏ పని కావాలో ఒక నంబరుగా, ఆ పని వివరాల్ని విలువలుగా ప్రాసెసర్ లోపలి చిన్న గళ్లయిన రిజిస్టర్లలో పెట్టి, ప్రాసెసర్‌కి ఒక ప్రత్యేకమైన ఇన్‌స్ట్రక్షన్ ఇస్తుంది. కెర్నల్ పని చూసి, ఫలితాన్ని ఒక రిజిస్టర్‌లో వదిలి పక్కకు తప్పుకుంటుంది. 64 బిట్ ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌లలో ఆ రిజిస్టర్ పేరు ఆర్‌ఏఎక్స్. 64 బిట్ ఆర్మ్‌లో ఎక్స్0.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. పని అయితే వచ్చే జవాబు, పని కాకపోతే దాని కారణం, రెండూ ఆ ఒక్క రిజిస్టర్‌లోనే రావాలి. లైనక్స్ దీనికి పెట్టుకున్న ఒప్పందం ఇది: మైనస్ 1 నుంచి మైనస్ 4095 వరకు ఉన్న విలువలు ఎర్రర్లకి. మిగతావన్నీ జవాబులే. మైనస్ 2 అంటే ఈనోఎంట్, ఫైలు లేదు. మైనస్ 13 అంటే అనుమతి లేదు. 4095 దగ్గరే గీత గీయడానికి కారణం ఉంది. మెమరీ చిరునామాల వరుసలో చిట్టచివరి 4096 బైట్ల పేజీ ప్రోగ్రాంలకు ఎప్పుడూ దక్కదు. కాబట్టి కెర్నల్ చిరునామాని జవాబుగా ఇచ్చినా అది ఈ 4095 విలువల ‘ఎర్రర్ల కిటికీ’లో పడదు.

సీ భాషలో రాసేవాళ్లకి ఇది కనిపించదు. వాళ్లకి వచ్చేది మైనస్ 1, పక్కన ఎర్‌నో అనే వేరియబుల్‌లో కారణం. ఈ మార్పిడి చేసేది కెర్నల్ కాదు, మధ్యలో ఉండే జీలిబ్‌సీ లాంటి లైబ్రరీ. అది రిజిస్టర్‌లోని విలువని అన్‌సైన్డ్‌గా, అంటే ప్లస్ మైనస్ గుర్తు లేని సంఖ్యగా తీసుకుని, పై అంచున ఉన్న 4095 విలువల్లో పడుతోందా అని చూస్తుంది. పడితే ఎర్‌నో నింపి మైనస్ 1 ఇస్తుంది. ‘సున్నా కంటే తక్కువా?’ అని అది ఎక్కడా అడగదు.

## ట్రేసర్‌కి లైబ్రరీ అండ లేదు

ట్రేసర్ అంటే వేరే ప్రోగ్రాం చేసే సిస్టమ్ కాల్స్‌ని బయట నుంచి గమనించే పనిముట్టు. లైనక్స్‌లో ఎస్‌ట్రేస్ లాంటివి పీట్రేస్ అనే సిస్టమ్ కాల్ మీద ఆధారపడతాయి. గమనిస్తున్న ప్రోగ్రాం కెర్నల్‌లోకి వెళ్లేముందు ఒకసారి ఆగుతుంది, బయటికి వచ్చేముందు ఇంకోసారి ఆగుతుంది. ఆగినప్పుడల్లా ట్రేసర్ దాని రిజిస్టర్లు చదువుకోవచ్చు.

ట్రేసర్ చూసేది లైబ్రరీ కింద ఉన్న పచ్చి విలువని. జీలిబ్‌సీ చేసే అనువాదం ఇంకా జరగలేదు. అందుకే ‘మైనస్ 1 వచ్చిందా’ అని చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఎస్‌ట్రేస్ తెరమీద ‘మైనస్ 1 ఈనోఎంట్’ అని చూపిస్తుంది గానీ, అది మన కోసం చేసిన అనువాదం. రిజిస్టర్‌లో ఉన్నది మైనస్ 2.

రెండుసార్లు ఆగడంలోనూ ఒక మెలిక ఉంది. వెళ్లేటప్పటి ఆగడానికీ వచ్చేటప్పటి ఆగడానికీ పైకి తేడా కనిపించదు. ట్రేసరే లెక్క పెట్టుకోవాలి: ఇది లోపలికి, ఇది బయటికి, మళ్లీ లోపలికి. ఇంటెల్ చిప్‌లలో లోపలికి వెళ్లే క్షణంలో ఆర్‌ఏఎక్స్‌లో కెర్నల్ ముందే మైనస్ 38 పెట్టి ఉంచుతుంది. 38 అంటే ఈనోసిస్, అలాంటి సిస్టమ్ కాలే లేదని అర్థం. మధ్యలో ఏదో సిగ్నల్, అంటే ప్రోగ్రాంకి కెర్నల్ అందించే హెచ్చరిక, వచ్చి లెక్క ఒక్కటి తప్పిందా, అప్పటినుంచి ప్రతి కాల్ ఫలితమూ మైనస్ 38 అని పడుతూనే ఉంటుంది. మా చిన్న ట్రేసర్ రెండో రోజే ఈ రోగం తెచ్చుకుంది. ఓపెన్ అయినా రీడ్ అయినా క్లోజ్ అయినా వరసబెట్టి మైనస్ 38. కెర్నల్ పాడైందేమో అని ఆ అమ్మాయి టెన్షన్ పడింది. పాడైంది మా లెక్క.

దీనికి మందు ఎప్పటినుంచో ఉంది. పీట్రేస్‌కి ఒక ఆప్షన్ ఇస్తే, సిస్టమ్ కాల్ వల్ల ఆగినప్పుడు మామూలు ట్రాప్ సిగ్నల్ నంబరు 5 బదులు 133 వస్తుంది, అంటే 5కి 128 కలిపి. అప్పుడు నిజమైన ట్రాప్ సిగ్నల్‌నీ సిస్టమ్ కాల్ ఆగడాన్నీ విడదీయవచ్చు. లోపలికా బయటికా అన్నది మాత్రం దాంతో తెలియదు. దాని సంగతి ముందుకెళ్లాక వస్తుంది.

## ‘సున్నా కంటే తక్కువ’ అన్న షరతు ఎమ్‌మ్యాప్ దగ్గర ఎలా కూలింది

32 బిట్ లైనక్స్ తీసుకుందాం. మామూలు అమరికలో 4 జీబీ చిరునామాల్లో కింది 3 జీబీ ప్రోగ్రాంకి, పై 1 జీబీ కెర్నల్‌కి. లైబ్రరీల్ని మెమరీలోకి తెచ్చే ఎమ్‌మ్యాప్ సాధారణంగా ఆ 3 జీబీల పై అంచు దగ్గర చోటు ఇస్తుంది. ఒక ఉదాహరణ చిరునామా: 3085959168. సుమారు 308 కోట్లు.

32 బిట్ల సైన్డ్ సంఖ్యలో పట్టే అతి పెద్ద ప్లస్ విలువ 2147483647. మన చిరునామా దాన్ని దాటిపోయింది. అదే విలువని సైన్డ్ వేరియబుల్‌లో పెడితే 3085959168 నుంచి 4294967296 తీసివేసినట్టవుతుంది. మిగిలేది మైనస్ 1209008128. సున్నా కంటే తక్కువే. మా ట్రేసర్ ‘ఎమ్‌మ్యాప్ ఫెయిల్, ఎర్రర్ నంబర్ 1209008128’ అని రాసింది. 120 కోట్ల నంబరుతో ఎర్రర్ ఎక్కడా లేదు.

సరైన షరతు పెడితే? 32 బిట్లలో ఎర్రర్ల కిటికీ 4294963201 నుంచి 4294967295 వరకు. 3085959168 దాని దరిదాపుల్లో కూడా లేదు. కాబట్టి అది జవాబు. ఫైలు లేనప్పుడు వచ్చే 4294967294 కిటికీలో ఉంది. కాబట్టి అది ఎర్రర్. పోలిక ఒక్కటి మారింది, రెండు కేసులూ తేలిపోయాయి.

ఈ బగ్ ఏళ్ల తరబడి దాక్కోవడానికి కారణం 64 బిట్ మెషీన్లే. ఇంటెల్ 64 బిట్‌లో మామూలుగా ప్రోగ్రాం చిరునామాలు 47 బిట్లు దాటవు. సైన్డ్‌గా చూసినా ప్లస్‌లోనే ఉంటాయి. తప్పుడు షరతు ఆ మెషీన్ మీద రోజూ సరిగానే పనిచేస్తుంది. టెస్టులన్నీ పాస్ అవుతాయి. ఎవరో 32 బిట్ బోర్డు మీద నడిపేదాకా బయటపడదు.

## ఒకే అంకె, రెండు నిజాలు

ఇప్పుడు శీర్షికలోని సంఖ్య. ఫైలు లేని చోట 32 బిట్ ప్రోగ్రాం ఓపెన్ చేస్తే రిజిస్టర్‌లో మిగిలేది 32 బిట్ల మైనస్ 2, అంటే 4294967294. ట్రేసర్ మాత్రం 64 బిట్. అది రిజిస్టర్లు చదివి, ఈ 32 బిట్ల విలువని తన 64 బిట్ల వేరియబుల్‌లో అలాగే పెట్టుకుంటే, పై 32 బిట్లు సున్నాలవుతాయి. ఇప్పుడది మైనస్ 2 కాదు. 429 కోట్ల ప్లస్ సంఖ్య. 64 బిట్ల మైనస్ 2 అయితే 18446744073709551614 కావాలి. కిటికీకి చాలా దూరం. ట్రేసర్ ‘ఓపెన్ సక్సెస్, ఫైల్ నంబర్ 4294967294’ అంటుంది.

దీన్ని సరిచేయాలంటే విలువని ముందు 32 బిట్ల సైన్డ్ సంఖ్యగా తీసుకుని, గుర్తుతో సహా 64 బిట్లకి సాగదీయాలి. ఎస్‌ట్రేస్ చేసేది ఇదే. రిజిస్టర్లు అడిగినప్పుడు కెర్నల్ ఎన్ని బైట్లు నింపిందో చూస్తుంది. ఇంటెల్ మీద 64 బిట్ ప్రోగ్రాంకి 216 బైట్లు, 32 బిట్ ప్రోగ్రాంకి 68 బైట్లు. 68 వచ్చిందంటే గుర్తుతో సాగదీయాల్సిందే.

అలాగైతే ప్రతి విలువనీ 32 బిట్లకి కుదించి చూస్తే సరిపోతుందా? పాత రెడ్ హ్యాట్ రకం 64 బిట్ లైనక్స్‌లలో, నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ అనామక యూజర్‌కి ఇచ్చిన నంబరు 4294967294. ఆ యూజర్ కింద నడిచే 64 బిట్ ప్రోగ్రాం ‘నా యూజర్ నంబరు ఎంత’ అనే గెట్‌యూఐడీ కాల్ అడిగితే కెర్నల్ ఇచ్చే సరైన జవాబు అదే. పై బిట్లు సున్నా, కిటికీ బయట, ఏ లోపమూ లేదు. ట్రేసర్ దాన్ని ‘ఇంట్’ రకం వేరియబుల్‌లోకి తోస్తే మైనస్ 2 అవుతుంది. గెట్‌యూఐడీకి ఫైలు దొరకలేదట! అసలు ఎప్పటికీ ఫెయిల్ కాని కాల్ అది.

అంకె ఒకటే. ఒకచోట అది ఫైలు లేదన్న మాట, ఇంకోచోట మనిషి నంబరు. రిజిస్టర్‌ని ఎంతసేపు తేరిపార చూసినా ఏది ఏదో తెలియదు. ఆ ప్రోగ్రాం ఎన్ని బిట్లది, ఏ కాల్ చేసింది అన్నవి తెలిస్తేనే తెలుస్తుంది. ఇంకా చెప్పాలంటే, 32 బిట్ ప్రోగ్రాం అదే యూజర్ కింద అదే ప్రశ్న అడిగితే, వెడల్పు తెలిసినా చాలదు. విలువ నిజంగానే కిటికీలో పడుతుంది. అందుకే ఎస్‌ట్రేస్ తన కాల్స్ పట్టికలో గెట్‌యూఐడీ, గెట్‌పిడ్ లాంటివాటికి ‘ఇవి ఎప్పుడూ ఫెయిల్ కావు’ అన్న గుర్తు విడిగా పెట్టుకుంది.

## చిప్ మారితే ఒప్పందం మారుతుంది

ఇప్పటిదాకా చెప్పిన కిటికీ పద్ధతి ఇంటెల్‌ది, ఆర్మ్‌ది. అన్ని చిప్‌లదీ కాదు. పవర్‌పీసీలో పాత పద్ధతి ప్రకారం ఫలితం ఆర్3 రిజిస్టర్‌లో వస్తుంది. అది ఎర్రరా కాదా అన్నది కండిషన్ రిజిస్టర్‌లో ఒక బిట్ చెబుతుంది. ఎర్రర్ అయితే ఆర్3లో ఉండేది ప్లస్ 2, మైనస్ కాదు. ఇంటెల్ కోసం రాసిన ట్రేసర్‌ని ఇక్కడికి తెస్తే ఫైలు లేనప్పుడల్లా ‘సక్సెస్, ఫైల్ నంబర్ 2’ అని చూపిస్తుంది. మిప్స్‌లో ఫలితం ఒక రిజిస్టర్‌లో, ఫెయిల్ అయిందన్న గుర్తు ఇంకో రిజిస్టర్‌లో. స్పార్క్‌లో క్యారీ బిట్. లైనక్స్ వదిలి ఇంటెల్ మీదే ఫ్రీబీఎస్‌డీకి వెళ్లినా క్యారీ బిట్ పద్ధతే.

పవర్9 చిప్‌లకి లైనక్స్ 5.9 నుంచి కెర్నల్‌లోకి వెళ్లే కొత్త ఇన్‌స్ట్రక్షన్ వచ్చింది. ఆ దారిన వెళితే ఎర్రర్ మైనస్ రూపంలో వస్తుంది, పాత దారిన వెళితే బిట్ రూపంలో. ఒకే చిప్, ఒకే ప్రోగ్రాం, దారిని బట్టి రెండు ఒప్పందాలు. ఎర్రర్ నంబర్లూ అన్ని చోట్లా ఒకటి కావు. ఇంటెల్‌లో 38 అయిన ఈనోసిస్ మిప్స్‌లో 89.

విడిగా గుర్తు పెట్టే పద్ధతి చూడ్డానికి గజిబిజిగా ఉన్నా, నా లెక్కలో నిజాయితీ దానిదే. ఒక రుజువు చెబుతాను. ఎఫ్‌కంట్రోల్ అనే కాల్‌తో ‘ఈ ఫైలు సిగ్నల్స్ ఎవరికి వెళ్తాయి’ అని అడగవచ్చు. యజమాని ఒక ప్రాసెస్ గ్రూప్ అయితే కెర్నల్ దాని నంబరుని మైనస్‌గా ఇస్తుంది. గ్రూప్ నంబరు 1500 అనుకోండి, వచ్చేది మైనస్ 1500. ఇది సరైన జవాబు. కానీ ఇంటెల్‌లో అది ఎర్రర్ల కిటికీలో పడింది! పవర్‌పీసీ పాత దారిలో కెర్నల్ ‘ఇది ఎర్రర్ కాదు’ అని గుర్తు సరిగా పెట్టగలదు. ఇంటెల్‌లో పెట్టడానికి చోటే లేదు. కెర్నల్ సోర్స్‌లోనే అక్కడ ఈ ఇబ్బందిని ఒప్పుకుంటూ ఒక వ్యాఖ్య ఉంది. తర్వాత 2.6.32లో, జవాబుని రిజిస్టర్‌లో కాకుండా మెమరీలో రాసే కొత్త రకం ప్రశ్న చేర్చారు. జీలిబ్‌సీ 2.11 నుంచి లోలోపల దాన్నే వాడుతోంది.

## రూల్ లోపలే ఉండి రూల్ పాటించని కాల్స్

కొన్ని కాల్స్‌కి కిటికీ సరిగ్గా చూసినా అర్థం దొరకదు. వీటిలో నాకు బాగా నచ్చేది బ్రేక్, హీప్ మెమరీ అంచుని జరిపే పాత కాల్. లైనక్స్ కెర్నల్‌లో అది విఫలమైతే ఎర్రర్ ఇవ్వదు. అంచు ఇప్పుడు ఎక్కడుందో ఆ చిరునామానే ఇస్తుంది. అడిగిన చిరునామా, వచ్చిన చిరునామా ఒకటైతే పని అయింది, కాకపోతే కాలేదు. జీలిబ్‌సీ ఈ పోలిక చేసి ‘మెమరీ లేదు’ అన్న ఎర్రర్ తయారు చేస్తుంది. ట్రేసర్ ఫలితం మాత్రమే చూస్తే బ్రేక్ ఎప్పుడూ సక్సెస్సే. ఫెయిల్ పట్టుకోవాలంటే లోపలికి వెళ్లేటప్పుడు అడిగిన విలువని దాచుకోవాలి.

గెట్‌ప్రయారిటీది ఇంకో రకం. ప్రాసెస్ ప్రాధాన్యాన్ని చెప్పే ‘నైస్’ విలువ మైనస్ 20 నుంచి ప్లస్ 19 వరకు ఉంటుంది. మైనస్‌లు ఎర్రర్లతో కలిసిపోతాయని కెర్నల్ దాన్ని 20లోంచి తీసేసి 1 నుంచి 40 మధ్య ఇస్తుంది. మామూలు ప్రాసెస్‌కి నైస్ 0, ఎస్‌ట్రేస్‌లో కనిపించేది 20. లైబ్రరీ తిరిగి మార్చి ఇస్తుంది. అప్పుడు సీ ప్రోగ్రామర్‌కి మైనస్ 1 ఎర్రరూ కావచ్చు, నిజమైన నైస్ విలువా కావచ్చు.

ఎగ్జిట్ గ్రూప్ అసలు తిరిగి రాదు, అందుకే ఎస్‌ట్రేస్ దాని పక్కన ప్రశ్నార్థకం పెడుతుంది. సిగ్నల్ హ్యాండ్లర్ ముగిశాక పిలిచే సిగ్‌రిటర్న్ పని రిజిస్టర్లని పాత స్థితికి తేవడం. అది ముగిశాక ఆర్‌ఏఎక్స్‌లో ఉండేది దాని ఫలితం కాదు, సిగ్నల్ వచ్చిన క్షణంలో ప్రోగ్రాం అక్కడ దాచుకున్న ఏదో విలువ. అది యాదృచ్ఛికంగా మైనస్ 2 అయితే, సిగ్‌రిటర్న్‌కి ఫైలు దొరకలేదని ట్రేసర్ రాసేస్తుంది.

## 512 నుంచి 516: ప్రోగ్రాం ఎప్పుడూ చూడని ఎర్రర్లు

నిద్రపోతున్న ప్రోగ్రాంకి సిగ్నల్ వస్తే సిస్టమ్ కాల్ మధ్యలో ఆగుతుంది. దాన్ని మళ్లీ మొదలుపెట్టాలా, ‘అంతరాయం కలిగింది’ అంటూ ఈఇంటర్ ఇచ్చి వదిలేయాలా అన్నది కెర్నల్ ఆ తర్వాత తేలుస్తుంది. తేలేదాకా తన కోసం రిజిస్టర్‌లో గుర్తుగా పెట్టుకునేవే మైనస్ 512, 513, 514, 516. ప్రోగ్రాం వరకు ఇవి చేరవు. చేరేలోపే కెర్నల్ వాటిని చెరిపేస్తుంది.

ట్రేసర్ నిలబడే చోటు ఆ చెరిపివేతకి ముందు. కాబట్టి దానికి ఇవి కనిపిస్తాయి. ‘స్లీప్’ కమాండ్‌ని ఎస్‌ట్రేస్ కింద నడిపి, మధ్యలో సిగ్నల్ పంపి చూడండి. ప్రశ్నార్థకం, పక్కన ‘ఈరీస్టార్ట్’ అని మొదలయ్యే పేరు పడుతుంది. ఆ ప్రశ్నార్థకం చాలా జాగ్రత్తగా పెట్టింది. ఇంకా తీర్పు రాలేదని దాని అర్థం. ఇవి కిటికీ లోపలే ఉన్నాయి కాబట్టి సొంతంగా రాసుకున్న టూల్స్ వీటిని ఫెయిల్యూర్ల లెక్కలో కలిపేస్తాయి. ఆ తర్వాత అదే కాల్ మళ్లీ మొదలై నిక్షేపంగా పూర్తవుతుంది. నివేదికలో మాత్రం ఒక ఫెయిల్యూర్ మిగిలిపోతుంది.

## తీర్పు ఎవరు చెప్పాలి: ట్రేసరా, కెర్నలా?

ఇన్ని చిప్‌లు, ఇన్ని వెడల్పులు, ఇన్ని మినహాయింపులు ఉన్నప్పుడు దీన్నంతా ప్రతి ట్రేసర్ విడివిడిగా రాసుకోవాలా? 2019లో వచ్చిన లైనక్స్ 5.3 దీనికి ఒక జవాబు ఇచ్చింది. పీట్రేస్‌లో కొత్త అభ్యర్థన చేర్చారు. ప్రోగ్రాం ఆగినప్పుడు అది అడిగితే, ఇది లోపలికి వెళ్లే ఆగడమా, బయటికి వచ్చేదా, కెర్నలే చెబుతుంది. బయటికి అయితే ఫలితమూ, అది ఎర్రరా కాదా అన్న గుర్తూ విడివిడిగా ఇస్తుంది. 32 బిట్ విలువల్ని సాగదీయడం, పవర్‌పీసీ బిట్ చూడటం లాంటివి కెర్నలే చూసుకుంటుంది. మా మైనస్ 38 రోగం దీంతో పూర్తిగా పోయింది.

ఇక పట్టికలు చింపేయొచ్చని వాదించేవాళ్లు ఉన్నారు. వాళ్ల వాదనలో బలం ఉంది. ఏ ఒప్పందం నడుస్తోందో కెర్నల్ కంటే బాగా ఎవరికి తెలుసు? చిప్‌కొక కోడ్ మోసే బరువు తగ్గుతుంది, కొత్త చిప్ వచ్చినా ట్రేసర్ మారక్కర్లేదు.

అవతలి పక్షం మాట కూడా కొట్టిపారేయలేం. ఇంటెల్‌లో కెర్నల్ ఇచ్చే ఆ ఎర్రర్ గుర్తు కూడా చివరికి కిటికీ చూసి చెప్పేదే. మైనస్ 1500 గ్రూప్ నంబరుని అది కూడా ఎర్రర్ అనే అంటుంది. బ్రేక్ ఫెయిలైందని చెప్పదు. సిగ్‌రిటర్న్ వదిలిన పాత విలువని కూడా ఫలితంగానే ఇస్తుంది. పైగా 5.3 కంటే పాత కెర్నల్స్ ఇంకా సర్వర్ల మీద నడుస్తూనే ఉన్నాయి, వాటి కోసం పాత కోడ్ ఉంచక తప్పదు. ఒప్పందం చదవడం కెర్నల్‌కి వదిలి, ఒక్కో కాల్ అర్థాన్ని ట్రేసర్ పట్టికలో ఉంచుకోవడమే నాకు సబబుగా కనిపిస్తుంది.

ఇంకో మాట, కెర్నల్ లోపలే చిన్న ప్రోగ్రాంలు నడిపే ఈబీపీఎఫ్ పద్ధతిలో టూల్స్ రాసేవాళ్లది: "మాకు కావాల్సింది ఓపెన్ ఒక్కటే, దానికి సున్నా కంటే తక్కువ అని చూస్తే చాలు." నిజమే, చాలు. ఫైల్ నంబరు చిన్న ప్లస్ సంఖ్య, అది ఎప్పుడూ కిటికీ దాకా పోదు. ఒకే కాల్‌కి రాసిన షరతులో తప్పు లేదు. దాన్నే కాపీ చేసి అన్ని కాల్స్‌కీ అతికించినప్పుడే గొడవ.

## ట్రేసర్ చేసే కాల్స్ కూడా కాల్సే

ట్రేసర్ ఇతరుల ఫలితాలు చూసే హడావిడిలో తన ఫలితాలు చూసుకోవడం మరిచిపోతుంది. మేమూ మరిచాం. ఫైలు పేరు తెలియాలంటే గమనిస్తున్న ప్రోగ్రాం మెమరీలోంచి చదవాలి. పీట్రేస్‌లో ఇందుకు ‘పీక్’ ఉంది. జీలిబ్‌సీ ద్వారా పిలిస్తే అది చదివిన 8 బైట్లనే రిటర్న్ విలువగా ఇస్తుంది. ఆ 8 బైట్లలో అన్ని బిట్లూ 1 అయితే? మైనస్ 1. చదవడం కుదరకపోయినా మైనస్ 1. తేడా తెలియాలంటే పిలిచేముందు ఎర్‌నోని సున్నా చేసి, తర్వాత అది మారిందో లేదో చూడాలి.

లైనక్స్ 3.2 నుంచి ఒకేసారి ఎక్కువ మెమరీ చదివే ఇంకో కాల్ ఉంది. దానితో 4096 బైట్ల పేజీ అంచు దాటేలా ఒకే ముక్కగా అడిగితే, రెండో పేజీ లేకపోతే మొదటి పేజీలో ఉన్న పేరు కూడా రాకపోవచ్చు. పేజీ అంచు దగ్గర ముక్కలు చేసి అడగాలి, అడిగినన్ని బైట్లు వచ్చాయా అని లెక్క చూడాలి.

ఇక ఈఎస్‌ఆర్‌సీహెచ్, అలాంటి ప్రాసెస్ లేదు అన్న ఎర్రర్. ఆగి ఉన్న ప్రోగ్రాంని కూడా సిగ్‌కిల్ అనే సిగ్నల్ ఏ క్షణంలోనైనా చంపగలదు. కాబట్టి రిజిస్టర్లు చదవబోయే సరికి మనిషే లేకపోవచ్చు. మా ట్రేసర్ అప్పుడు ఏం చేసిందంటే, చదవడం కుదరలేదని పట్టించుకోకుండా, వేరియబుల్‌లో అంతకుముందు మిగిలిన రిజిస్టర్లనే మళ్లీ ముద్రించింది. చనిపోయిన ప్రాసెస్ ఇంకో ఫైలు తెరిచినట్టు లాగ్‌లో వచ్చింది. ఆ లైను వెంట పడి ఒక సాయంత్రమంతా పోయింది.

## సక్సెస్ వెనక దాగిన ఫెయిల్యూర్

2019లోనే లైనక్స్ 5.1తో ఐఓ యూరింగ్ వచ్చింది. ప్రోగ్రాం తన చదవడం, రాయడం లాంటి పనుల్ని కెర్నల్‌తో పంచుకున్న మెమరీలో వరసగా పేర్చి, ఒక్క కాల్‌తో అన్నీ అప్పగిస్తుంది. ఆ కాల్ ఫలితం ఎన్ని పనులు తీసుకున్నారన్న లెక్క. 8 ఇస్తే 8. అందులో మూడు పనులకి ఫైలు దొరక్కపోయినా రిజిస్టర్‌లో ఉండేది 8 మాత్రమే. ఆ మూడు మైనస్ 2లూ పంచుకున్న మెమరీలోని పూర్తయిన పనుల వరసలో పడతాయి. ఒక మోడ్‌లో అయితే కెర్నల్ తనే ఆ వరసని గమనిస్తూ ఉంటుంది, అప్పగించడానికి సిస్టమ్ కాల్ కూడా అక్కర్లేదు. అక్కడ రిటర్న్ విలువలు చూసే ట్రేసర్‌కి చూడటానికి ఏమీ ఉండదు.

ఆ అమ్మాయి ట్రేసర్ ఇప్పుడు ఎర్రర్ లైన్లకి ఎర్ర రంగు వేయడం లేదు. ప్రతి లైనుకీ మూడు గళ్లు ఉన్నాయి: రిజిస్టర్‌లోని పచ్చి విలువ, కెర్నల్ ఇచ్చిన గుర్తు, ఆ కాల్‌కి పట్టిక చెప్పే అర్థం. ఐఓ యూరింగ్ లైనులో మూడో గడిని ఖాళీగా వదిలింది.